ఓనరు పేరు

గుంతకల్లు పార్సిలాఫీసులో
ఇరవైరెండేండ్లు ఫారాలు రాసినా.
అరటిగెలలు రాసినా, మిరప టిక్కీలు రాసినా,
పెండ్లి బ్యాండోళ్ళ డోళ్ళు రాసినా.
కుక్కల్ని గూడా రాసినా:
మెడకు తోలుపట్టా, పక్కన బిస్కెట్ల డబ్బా,
గడప దాటకముందే ఎవరివో తెలిసిపోయే
ఆఫీసర్ల కుక్కలు.

ఇది అట్లాంటిది కాదు.
మూడో ప్లాట్‌ఫారం కుక్క. పేరు గూడా మూడే.
లగేజీ బండి కింద వెనకకాలు పోయినాక
ఆ పేరు రెండువిధాలా సరిపోయింది.

ఆపొద్దు నెత్తురు మీద ఇసుక పోసినోళ్ళుండారు.
"ఇంగేడ బతుకుతాది లే" అన్నోళ్ళుండారు,
వాళ్ళలో నేనూ ఉండా.
రైల్వే ఆస్పత్రి నర్సు షంషాద్
డ్యూటీ కోటు విప్పి, దాన్ని చుట్టి,
ఆటోలో ఒళ్ళో పెట్టుకొని పోయింది.
సీటు కడుక్కోవాలని
ఆటోవాడు యాభై ఎక్కువ అడిగినాడంట.
ఇచ్చిందంట.

యాడో హాలెండులో హన్నెకె అంట,
బస్సు తోలే ఆయమ్మ.
ఫోన్లో ఫోటో చూసి, నాకిదే కావాలనిందంట.
నవ్వొచ్చింది నాకు.
"ఏం, వాళ్ళ దేశంలో కుక్కల్లేవా?"
"వీధుల్లో లేవన్నా."
మళ్ళా నవ్వలేదు నేను.

మెడతోలు కింద బియ్యపుగింజంత చిప్పు పెట్టినారు.
సూదులేసినారు. నెత్తురు తీసి
కుక్క కంటే ముందు నెత్తుర్ని విమానమెక్కించినారు.
పాసయిందని కాగితమొచ్చినాక గూడా
ఇంకా మూడు నెలలు ఆగాలంట.
మా చిన్నోని కులం సర్టిఫికెట్టుకు
నేనింత తిరగలేదు.
టీ అంగడి ఓబులేసు రోజూ అదే మాట:
"మన మూడుగాడు ఫారిన్ పోతాండాడు,
నువ్వు డోను దాటితివా సామీ?"

రాత్రి బెంగుళూరు బండికి
బోను తెచ్చి కౌంటరు ముందర దించింది షంషాద్.
బరువు పదిహేడు కిలోలు.
విలువ?
రూలు ప్రకారం అడగాల, అడిగినా.
"ఎంత రాస్తే మెల్లగా దించుతారో
అంత రాయన్నా" అనింది.

ఓనరు పేరు?
హన్నెకె చేతికి ఇంకా పోలేదు.
తనది రాయొద్దంటాది షంషాద్,
పెంచుకునేదాన్ని పంపిస్తానా అంటాది.
నాలుగేండ్లు దాన్ని సాకిందెవరు?
ఇడ్లీల మాబున్ని ఒక తునక,
నైటు పాయింట్స్‌మన్ ఒక రొట్టెముక్క,
పాంట్రీ పిల్లోళ్ళు గిన్నె అడుగు మెతుకులు.
ఆ గడిలో ఒక్క పేరే పడుతుంది.
గుంతకల్లు జంక్షన్ అని రాసినా,
కొట్టేసినా,
ఆమె వద్దన్న పేరే రాసినా.

కదిలే ప్రతి బండి వెంటా
ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి
నాలుక వేలాడేసుకొని తిరిగొచ్చే కుక్క.
ఆ రాత్రి లోపలుండి
అదే మమ్మల్ని సాగనంపింది.
అరవలేదు.

జనవరిలో ఫోను చూపించింది షంషాద్.
మెత్తటి సోఫా ఉండాది, సోఫా కింద అది ఉండాది.
హన్నెకె అడిగిందంట:
సాయంత్రం ఆరు కొట్టగానే తలుపు కాడికి పోతాది,
చెవులు నిక్కించి కూచుంటాది,
కాసేపటికి లేచొస్తాది. జబ్బేమన్నానా?

వేళ్ళు మడిచి లెక్కేసుకుంటి.
వాళ్ళ ఆరంటే మనకు పదిన్నర.
బొంబాయి మెయిలు.
పాంట్రీ పిల్లోళ్ళు గిన్నెలు దులిపే టైము.

"ఏం రాయమంటావన్నా?"
"జబ్బు కాదని రాయి.
ఆ టైముకు తలుపు దగ్గర
పిడికెడు మెతుకులు పెట్టమను.
వట్టి మెతుకులే. గిన్నెలో వద్దు, నేలమీద."

ఆమె టైపు చేస్తాంటే
కాళ్ళకాడ గుడ్డసంచి కదిలింది.
"ఇదేది?"
"ఐదో ప్లాట్‌ఫారందన్నా.
దీనికి కాళ్ళన్నీ ఉండాయి.
ఎవరూ అడగడం లేదు."